80 వేల పుస్తకాల స్టాక్ వెరిఫికేషన్: లైబ్రరీ మూయకుండా చెయ్యొచ్చా?

ర్యాక్_894
మాది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం సెంట్రల్ లైబ్రరీ. దాదాపు 80 వేల సంపుటాలు, ఓపెన్ యాక్సెస్, అంటే పాఠకులే ర్యాకుల్లోంచి తీసుకుంటారు. కోహా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. బార్‌కోడ్లు ఉన్నాయి, ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో చదివే ట్యాగులు) లేదు. ఆడిట్‌వాళ్లు స్టాక్ వెరిఫికేషన్ రిపోర్టు అడిగారు. నెల రోజులు లైబ్రరీ మూసేసి లెక్కపెట్టమని పైనుంచి సూచన వచ్చింది. కానీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో రీడింగ్ హాలు తలుపు తీసిన అరగంటకే నిండిపోతుంది, మూయడం న్యాయం కాదు. సర్క్యులేషన్, టెక్నికల్, పీరియాడికల్స్, రిఫరెన్స్ విభాగాల నుంచి ఎనిమిది మందిని కేటాయించగలం. మొత్తం లెక్కించాల్సిందేనా, శాంపిల్ చాలా? దొరకని పుస్తకాలను రైటాఫ్ చెయ్యడానికి, అంటే లెక్కల్లోంచి కొట్టేయడానికి, ఏం చూపించాలి?

అక్సెషన్ రిజిస్టర్
ముందు నిబంధన చూద్దాం సార్. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూలు లైబ్రరీలది. 20 వేల సంపుటాల వరకు ఏటా పూర్తి వెరిఫికేషన్. 20 వేల నుంచి 50 వేల దాకా మూడేళ్లకోసారైనా పూర్తిగా. 50 వేలు దాటితే మూడేళ్లకు మించని వ్యవధిలో శాంపిల్ చాలు, అందులో లోటు అసాధారణంగా కనబడితే మాత్రం మొత్తం చెయ్యాలి. మీది రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి ముందు మీ సొంత అకౌంట్స్ నిబంధనలు చూడండి. అందులో లైబ్రరీ ఊసే లేకపోతే, ఈ రూలును ఆధారంగా చూపి పాలకమండలిలో ముందే తీర్మానం చేయించుకోండి. లెక్క ముగిశాక తీర్మానం పెడితే లోటును కప్పిపుచ్చడానికి చేసినట్టు ఉంటుంది.

అదే రూలులో వెయ్యికి ఐదు సంపుటాల నష్టాన్ని సమంజసంగా తీసుకోవచ్చని ఉంది, నిర్లక్ష్యమో అక్రమమో కారణం కానంతవరకు. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ వెయ్యి మొత్తం స్టాకులో వెయ్యి కాదు, ఏడాదిలో ఇష్యూ అయినవి, హాల్లో చదివినవి కలిపి వచ్చే వెయ్యి. ఏడాదికి 18 వేల ఇష్యూలు, 12 వేల హాలు వాడకం ఉంటే 30 వేల మీద 150 పుస్తకాలు. హాలు వాడకం లెక్క రాయని లైబ్రరీ ఆ 12 వేలను చూపించలేదు, 90 దగ్గరే ఆగిపోతుంది. బల్లల మీద వదిలేసిన పుస్తకాలను ర్యాకులో పెట్టేముందు కోహాలో చెకిన్ (వాపసు నమోదు) చేయించండి. రికార్డ్ లోకల్ యూజ్ ఆన్ రిటర్న్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే అది హాలు వాడకంగా నమోదవుతుంది.

వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పనిసరిగా విచారణ జరగాలి. వాటి జాబితా విడిగా పెట్టండి, మామూలు రైటాఫ్ జాబితాలో కలపొద్దు. ఇప్పటి వైద్య, ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు చాలావరకు ఆ ధర దాటేస్తాయి కాబట్టి ఈ జాబితా మీరనుకున్న దానికన్నా పెద్దదే అవుతుంది.

సర్క్యులేషన్ కౌంటర్
శాంపిల్ చాలన్నది నిబంధన ప్రకారం నిజమే. అయినా ఎనిమిది మంది ఉన్నప్పుడు మొత్తం చేసెయ్యండి. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లు. ఒకరు పుస్తకం తీసి పట్టుకుంటారు, ఇంకొకరు స్కాన్ చేస్తారు. బార్‌కోడ్ అట్ట లోపల ఉంటే గంటకు 250 అనుకోండి, అట్ట మీద ఉంటే వేగం పెరుగుతుంది. రోజుకు ఐదు గంటలు చేస్తే నాలుగు జట్లకు ఐదు వేలు, అంటే 16 పనిదినాలు. ఐదు గంటలకు మించి చేయిస్తే కళ్లు అలిసి పుస్తకాలు దాటేస్తారు.

లైబ్రరీ మూయక్కర్లేదు. ఆ రోజు లెక్కించే వరసలకు మాత్రం తాడు కట్టి బోర్డు పెట్టండి. 500 నుంచి 599 వరకు (ర్యాకుల వర్గీకరణ నంబర్లు) ఇవాళ మూత, కావాల్సిన పుస్తకం కౌంటర్లో చీటీ రాసిస్తే తెచ్చిస్తాం, ఇంతే. రీడింగ్ హాలు, పత్రికలు యథావిధిగా నడుస్తాయి. కోహాలో ఇష్యూ అయినా, వాపసు వచ్చినా చివరిగా చూసిన తేదీ దానంతటదే మారుతుంది. కాబట్టి లెక్క మధ్యలో కౌంటర్ గుండా కదిలిన పుస్తకాలకు భయపడొద్దు. చివర్లో ఇష్యూలో ఉన్నవాటిని పక్కనపెట్టి, ఆ తేదీ మీ మొదటిరోజు కన్నా పాతదిగా ఉన్న పుస్తకాలను రిపోర్టు తీస్తే అవే దొరకనివి.

స్కాన్ చేసేది ఎక్సెల్‌లోకి కాదు, నోట్‌ప్యాడ్‌లోకి. ఎక్సెల్ 007845ను 7845 చేసేస్తుంది, కోహా ఆ నంబరు లేదంటుంది. లైనుకు ఒక నంబరు, ఫైలుకు వెయ్యి మించకుండా ఉంచండి. అంతకన్నా పెద్ద ఫైలు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఫైలు పేరులో ర్యాకు నంబరు, తేదీ పెట్టండి.

ఈ ఫైళ్లను అప్‌లోడ్ చేసే ఇన్వెంటరీ టూల్ కోహా కొత్త వెర్షన్లలో కేటలాగింగ్ పేజీలో, పాతవాటిలో టూల్స్ కింద ఉంటుంది. అప్‌లోడ్ చేసేముందు రెండు టిక్కులు చూసుకోండి. స్కాన్ అయిన వాటిని చెకిన్ చెయ్యొద్దు అన్న టిక్కు పెట్టకపోతే, ఎవరి పేరునో ఇష్యూలో ఉండి ర్యాకులో కనబడ్డ పుస్తకం చప్పుడు లేకుండా ఆ ఖాతాలోంచి తొలగిపోతుంది. ఆ పుస్తకం అక్కడికి ఎలా చేరిందో ఇక తెలుసుకోలేరు. రెండోది, ఇష్యూలో ఉన్నవాటిని వదిలేయమనే టిక్కు. ఇది లేకుండా కోహా జాబితాతో పోలిస్తే విద్యార్థుల దగ్గరున్నవన్నీ దొరకని వాటిలో చేరతాయి. తర్వాత ఎవరైనా ఆ జాబితాను మూకుమ్మడిగా లాస్ట్ (పోయినవి) అని మార్చారంటే, సెట్టింగును బట్టి పిల్లల ఖాతాల్లో పుస్తకం ధర పడిపోతుంది.

ర్యాక్_894
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక ర్యాకు ప్రయత్నించి చూశాం, నోట్‌ప్యాడ్ పద్ధతి బాగా సాగింది. రెండు సందేహాలు. ఆర్‌ఎఫ్‌ఐడీ పెట్టాక ఒక్కరోజులో అయిపోతుంది, అప్పటిదాకా ఆగుదాం అంటున్నారు, నిజమేనా? తెలుగు విభాగంలో కొన్ని పుస్తకాల పేర్లు తెరమీద గజిబిజి అక్షరాలుగా వస్తున్నాయి, వాటి సంగతేమిటి?

ట్యాగు_13.56
ఆగొద్దు. ఇప్పటి లెక్క లేకుండా ట్యాగులు అంటిస్తే, లేని పుస్తకాలకు కూడా ట్యాగులు కొనే అంచనా వేస్తారు. లైబ్రరీల్లో ఎక్కువగా వాడే ట్యాగులు 13.56 మెగాహెర్ట్జ్‌వి. చేతి రీడరును వరస వెంట కదిలిస్తే వేగంగానే చదువుతుంది, కానీ పల్చటి పుస్తకాలు పక్కపక్కన ఉండి ట్యాగులు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ కలిసి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. తెలుగు కవితా సంపుటాలు, కథల పుస్తకాల దగ్గర ఈ ఇబ్బంది ఎక్కువ. ఇనుప ర్యాకు అంచుకు ఆనుకున్నవి, అట్ట మీద మెరిసే లోహపు పూత ఉన్నవి కూడా తప్పిపోతాయి. అందుకే ట్యాగును అన్ని పుస్తకాలకూ ఒకే ఎత్తులో కాకుండా కింద, మధ్య, పైన మారుస్తూ అంటించాలి. లెక్కప్పుడు ప్రతి వరసా రెండుసార్లు, రెండో సారి అటువైపు నుంచి ఇటు చదివించాలి. అప్పటికీ రానివాటిని చేత్తో తీసి చూడాల్సిందే. ఒక్కరోజులో అయ్యేది చదవడం మాత్రమే.

అక్సెషన్ రిజిస్టర్
గజిబిజి అక్షరాల సంగతి: అవి యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో, అను లాంటివాటిలో, టైపు చేసిన రికార్డులై ఉంటాయి, యూనికోడ్‌లోకి మార్చకుండా కోహాలోకి ఎక్కించారు. ఆ పుస్తకాలకు నోట్‌ప్యాడ్ లెక్క మీద నమ్మకం పెట్టుకోవద్దు. బార్‌కోడ్ ఉందని తెలుస్తుంది గానీ, ఆ బార్‌కోడ్ ఆ పుస్తకానిదేనా అని తెలియదు. 894.827 (తెలుగు సాహిత్యం) వరసను కేటలాగు చదవగల మనిషి కూర్చుని, అక్సెషన్ రిజిస్టరు (కొన్న ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసే పుస్తకం) పక్కన పెట్టుకుని, పేరూ నంబరూ సరిచూస్తూ వెళ్లాలి. మిగతా విభాగాల్లో ప్రతి ఇరవయ్యో పుస్తకాన్ని ఇలా చూస్తే చాలు.

దొరకని జాబితా వచ్చాక అసలు పని మొదలవుతుంది. బైండింగ్‌కు వెళ్లినవి, ప్రొఫెసర్ల పేరున ఏళ్లుగా ఉన్నవి, డిపార్ట్‌మెంట్ సెమినార్ లైబ్రరీలకు బల్క్‌గా ఇచ్చినవి, జిరాక్స్ కౌంటర్ అలమరాలో ఉండిపోయినవి, ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ జయంతికో నవంబర్ 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలకో ప్రదర్శనకు తీసి తిరిగి సర్దనివి, ముందు ఇవన్నీ వెతకాలి. పరీక్షల ముందు విద్యార్థులు తమకు కావాల్సిన పుస్తకాన్ని వేరే సబ్జెక్టు వరస వెనకాల దాచిపెడతారు, పెద్ద సంపుటాల వెనక చెయ్యి పెట్టి చూడండి. ఇదంతా అయ్యేదాకా కోహాలో మిస్సింగ్ అనే ఉంచండి. ఆర్నెల్ల తర్వాత రెండోసారి వెతికి, అప్పటికీ రానివాటికే రైటాఫ్ ఫైలు కదపండి. రెండు వెతుకులాటల తేదీలూ, వెతికినవాళ్ల సంతకాలూ ఆ ఫైల్లో ఉండాలి.

వారోత్సవాల్లోగా ముగించాలనుకుంటే అక్టోబర్ మొదట్లోనే లెక్క మొదలుపెట్టండి. ప్రదర్శనకు తీసే ప్రతి పుస్తకానికీ కోహాలో లొకేషన్‌ను డిస్‌ప్లేగా మార్చడం ఈసారి నుంచే అలవాటు చేయించండి.