తమ్ముడు తీవ్ర మితవాద గ్రూపుల్లో కూరుకుపోతున్నాడు, ఏం చేయాలి?

మా తమ్ముడికి 19 ఏళ్లు. మొదట జిమ్ వీడియోలు, గేమింగ్ చాట్‌లు చూసేవాడు. ఇప్పుడు అర్ధరాత్రి దాకా ‘వలసొచ్చినవాళ్లు మన చోటు లాక్కుంటున్నారు’ అనే ప్రసంగాలే. ఎన్నికలు దండగ, గట్టి నాయకుడొక్కడు చాలంటాడు.

హిట్లర్ 1933 జనవరి 30న జర్మనీ చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) అయ్యింది రాజ్యాంగం దారిలోనేనని, మార్చి 23న పార్లమెంటే చట్టాలు చేసే అధికారాన్ని అతని ప్రభుత్వానికి అప్పజెప్పిందని చూపించాను. ‘గెలిచినవాళ్లు రాసుకున్న చరిత్ర’ అని కొట్టిపారేశాడు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడూ ఈ ‘వలసొచ్చినవాళ్లు చోటు లాక్కుంటున్నారు’ అనే వాదనే రాసిపెట్టుకున్నాడంటే లేచి వెళ్లి తలుపేసుకున్నాడు. నాన్న ఫోన్ లాక్కుంటే ఇంకో ఐడీతో అదే గ్రూపులో చేరాడు. వాదించేకొద్దీ బిగుసుకుపోతున్నాడు. భోజనానికి మాత్రం ఇంకా నా పక్కనే కూర్చుంటాడు, నాకున్న ఆశ అదే.

ఇలాంటివాళ్లని వెనక్కి తెచ్చుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వాదన మానేసి మీరు మాట ఎక్కడ మొదలుపెట్టారు?