కౌచ్ పొటాటోలో దుంప ఎక్కడిది?

కృష్ణాతీరం: సోఫాకి అతుక్కుపోయి టీవీ చూసేవాణ్ణి కౌచ్ పొటాటో అంటారు కదా. 'ట్యూబ్‌లోనే దుంప ఉంది' అన్నట్టు ఎక్కడో చదివాను. సగమే గుర్తుంది, పొద్దున్నుంచి బుర్ర తొలిచేస్తోంది. అసలు సంగతి తెలిసినవారు చెప్పండి.

పాతపుస్తకం: అది శ్లేషండీ. అమెరికాలో టీవీకి వాడుకపేరు బూబ్ ట్యూబ్. బూబ్ అంటే మూఢుడు, మన ఇడియట్ బాక్స్ లాంటిదే. ట్యూబ్ ఏమో పాత టీవీల్లోని పిక్చర్ ట్యూబ్. దాని ముందు కూర్చునేవాడు బూబ్ ట్యూబర్. ట్యూబర్ అంటే దుంప, దుంపల్లో అందరికీ తెలిసింది పొటాటో. 1976లో కాలిఫోర్నియాలో టామ్ ఇయాసినో నోట పుట్టిన మాట ఇది. ఆయన స్నేహితుడు, కార్టూనిస్టు రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ బొమ్మలు గీసి ప్రచారంలోకి తెచ్చాడు.

ఓరుగల్లు: బాగుంది సార్. నా లెక్కలో ఇది సభంగశ్లేష, అంటే మాటను విరిస్తే ఇంకో అర్థం వచ్చేది. 'ట్యూబ్', 'అర్' అని విరిస్తే టీవీ చూసేవాడు, విరవకుంటే ఆలుగడ్డ.

పాతపుస్తకం: ఒప్పుకోను. 'అర్' ఉత్త ప్రత్యయం, విడిగా నిలబడే పదం కాదు. దాన్ని విరుపు అనలేం.

ఓరుగల్లు: సంస్కృత అలంకారశాస్త్రంలో మమ్మటుడు చెప్పిన ఎనిమిది రకాల శ్లేషల్లో ప్రత్యయశ్లేష కూడా ఉంది కదా సార్. ఆయన లెక్కలో వేసినదాన్ని మనమెట్లా తీసేస్తాం?

తుంగభద్ర: సభంగం అనగానే పింగళి సూరనను తలుచుకోవద్దా? రాఘవపాండవీయంలో అవే పద్యాలు. ఒక విరుపుకి రామాయణం, ఇంకో విరుపుకి భారతం. ఏదో ఒక్క మాటలో కాదు, కావ్యం పొడుగునా! ఆయన్ని చదివినవాళ్లకి ఈ ఉర్లగడ్డ ఒక లెక్కా? అన్నట్టు, 2005లో బ్రిటన్‌లో ఉర్లగడ్డ రైతులు ఈ మాట మా పంటకి చెడ్డపేరు తెస్తోంది, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోంచి తీసేయండని పార్లమెంటు ముందు నిరసనకు దిగారు. కావాలంటే కౌచ్ స్లౌచ్ అనుకోమన్నారు. అందులో ప్రాస ఉంది, శ్లేష లేదు. ఎక్కడ నిలుస్తుంది?

కృష్ణాతీరం: మరి తెలుగులో ఏమందాం? 'టీవీదుంప' అంటే ట్యూబ్ పోతుంది, దాంతోపాటే శ్లేషా పోతుంది.

ఓరుగల్లు: పేరు తర్వాత పెడదాం. ముందు 'అర్' సంగతి తేలాలి.

పాతపుస్తకం: యూట్యూబర్‌లోనూ అదే 'అర్' ఉంది. ఆ మాట వింటే మీకెవరికైనా దుంప తట్టిందా? తట్టలేదు. అంటే శ్లేష 'అర్'లో లేదు, పక్కన పొటాటో వచ్చి కూర్చున్నాకే పలికింది.

ఓరుగల్లు: ముందు బూబ్ ట్యూబర్‌లో దుంప తట్టబట్టే కదా సార్, పొటాటో దాకా పోయింది!

తుంగభద్ర: సూరన పద్యం ఒకటి రెండు విధాలా విడగొట్టి రాత్రికి పెడతాను. అది చూశాక సభంగం ఏదో మీరే చెప్పండి.