అప్‌డేట్: స్పీకర్లలో గుయ్‌మనే మోత ఆగింది

ల్యాప్‌టాప్‌లో పాట పెడితే స్పీకర్లు గుయ్‌మంటున్నాయని పోయిన నెల ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది మాత్రం అనంతపురం అన్న చెప్పిన మాట: "ఛార్జర్ పీకి విను." పీకగానే మోత ఠక్కున ఆగింది! (ఆయన్ని నేనింతవరకు నేరుగా చూడలేదు, పాటల పిచ్చే మమ్మల్ని ఆన్‌లైన్‌లో కలిపింది.) అంటే తేడా కరెంటు వైపే ఉందన్నమాట. ఇక్కడ కడపలో మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు విప్పితే, ఎర్త్ వైరు ఊడిపోయి, చిలుం పట్టి వేలాడుతోంది. కొస గీకి స్క్రూ బిగించాడు, అంతే.

డ్రైవర్లు (ల్యాప్‌టాప్‌లో సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ వేయడం, స్పీకర్లకి కొత్త 3.5 ఎం.ఎం. కేబుల్ కొనడం రెండూ దండగ. విండోస్ కూడా మార్చబోయాను, నయం.

మీకూ ఇదే మోత వస్తుంటే ముందు బ్యాటరీ మీద నడిపి చూడండి. ఆగితే ఎర్త్ చూపించుకోండి. బోర్డు మాత్రం సొంతంగా విప్పొద్దు.