డబ్బులు పడ్డాయో లేదో తేలాలంటే: యాప్‌లో వెతకాలా, నోటుబుక్కు ఉండాలా?

పరకాల, విత్తనాల షాపు:
"అన్నీ యాప్‌లోనే ఉంటయి కదన్నా, నోటుబుక్కు ఎందుకు?" అంటున్నాడు మా తమ్ముడు. నేను ఒప్పుకోవట్లేదు. 2025 జూన్ 9, మృగశిర మర్నాడు. షాపులో కాలు పెట్టే జాగా లేదు. పత్తి విత్తనాల ప్యాకెట్ ఆ ఏడు 901 రూపాయలు, నాలుగైతే 3,604. సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి "పైసలు మా కొడుకు పట్నం నుంచి కొట్టిండు" అన్నాడు. 3,604 అని వెతికితే పదకొండు వచ్చాయి. రేటు అందరికీ ఒకటే మరి. ఆ పదకొండూ వేరేవాళ్లవి. పేరుతో వెతికినా దొరకలేదు. కొడుకు వాట్సాప్‌లో ఏదో పన్నెండంకెల నంబరు పంపాడు, దాంతో ఏం చేయాలో మాకు తెలియలేదు. గంటసేపు కూర్చోబెట్టి, చివరికి మాట మీద ప్యాకెట్లు ఇచ్చాం. పైసలు కట్టిన మనిషిని దొంగలా చూసినట్టయింది. ఆ పద్దు ఇప్పటికీ తేలలేదు.

హన్మకొండ, షాపుల లెక్కలు రాస్తా:
అన్నా, ఆ పన్నెండంకెలే అసలు ఆధారం. యూటీఆర్ అంటారు, ఒక్కో చెల్లింపుకి విడిగా వచ్చే నంబరు. మామూలుగా మొదటి అంకె ఏడాది చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. జూన్ 9 అయితే 5160తో మొదలవ్వాలి. మీ నంబరు ఉంటే చూడండి. పేరు, మొత్తం ఇద్దరికి ఒకటే ఉండొచ్చు, ఆ నంబరు మాత్రం ఒకటే ఉండదు.

ఎనుమాముల మార్కెట్ దగ్గర టీ కొట్టు:
పది రూపాయల చాయ్‌కి నంబరు అడుగుతూ కూర్చుంటే పాలు పొంగిపోతాయి. బుక్కులో రాయడం కూడా నావల్ల కాదు. మైకులో వినబడితే చాలు, రాత్రికి మొత్తం సరిచూసుకుంటా.

నర్సంపేట, బట్టల షాపు:
చాయ్‌కి సరే తమ్మీ, చీరలకు కుదరదు. కస్టమర్ చూపించే స్క్రీన్ నమ్మను, నా యాప్‌లో సక్సెస్ అని పడాలి. పెండింగ్ ఉంటే రాలేదనే లెక్క. షాపుకి కొట్టిన డబ్బు కట్ అయి మనకు చేరకపోతే, లావాదేవీ అయిన రోజు తర్వాత ఐదు రోజుల్లో వాళ్ల ఖాతాలో తిరిగి పడాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే చెప్పింది. దాటితే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. ఈ మాట చెప్తే కస్టమర్‌కి కూడా టెన్షన్ తగ్గుతుంది.

పరకాల, విత్తనాల షాపు:
హన్మకొండ అన్నా, వాట్సాప్ తీసి చూశా. 5159! అంటే జూన్ 8. కొడుకు ముందురోజే కొట్టాడు, మేమేమో ఫిల్టర్‌లో 'ఈరోజు' పెట్టి వెతికాం. ఇప్పుడు ఆ తేదీ పెడితే 3,604 కనబడింది, వివరాల్లో అదే నంబరు ఉంది. పెద్దాయనకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నా. బుక్కు మాత్రం మానను. రేపటి నుంచి పేరు పక్కన చివరి నాలుగంకెలు కూడా రాస్తాం.