షెడ్డులో పడున్న 1973 అంబాసిడర్: ముందు ఇంజన్ నంబరా, ముందు ఇంజనా?

రెండో గేరు:
బాబాయి అంబాసిడర్ మార్క్ 2, 1973 బండి. పదిహేనేళ్లకు పైగా షెడ్డులోనే ఉంది, ఇప్పుడు నా చేతికొచ్చింది. ప్లగ్గులు తీసి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే అంగుళం కదలట్లేదు. మధ్యలో ఎప్పుడో ఇసుజు ఇంజన్ వేయించారని పిన్ని అంటోంది, అడుగుదామంటే బాబాయి లేరు. ఆర్సీలో మాత్రం పెట్రోల్, 1489 సీసీ అని ఉంది. చూస్తే ఇంజన్ పైమూత, అదే రాకర్ కవర్, రెండు నట్లతో బిగించి ఉంది, ఎడమ పక్కన కార్బరేటర్, దాని కింద బ్లాక్‌కి రెండు చిన్న రేకు మూతలు, కుడి పక్కన డిస్ట్రిబ్యూటర్. ఇది ఏ ఇంజనో, ఎలా కదిలించాలో చెప్పండి.

స్పానర్ 14:
ఇసుజు కాదండీ. ఇసుజు 1800కి వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన, హెడ్ మీదే ఉంటుంది. మీరు చెప్పిన రేకు మూతలు ట్యాపెట్ కవర్లు, అంటే క్యామ్ కింద బ్లాక్‌లో ఉండి, వాల్వుల్ని నెట్టే పొడవాటి కడ్డీలు, అవే పుష్‌రాడ్లు, పైకి వెళ్తున్నాయి. బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బి సిరీస్ ఇంజన్ అది. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 73.025, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు, నాలుగు సిలిండర్లకి, లెక్కేస్తే 1489 వస్తుంది. ఇందులో డీజిల్ రకం కూడా ఉంది గానీ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దానికెందుకుంటుంది? ఇక తిప్పడం సంగతి. ఒక్కో బోరులో డీజిల్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె) కలిపి పోసి కొన్నాళ్లు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. కదలకపోతే మళ్లీ పోయండి. సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

పాత ఇనుము:
అన్నీ చెప్పారు, అసలు సంగతి అడగలేదు. ఇంజన్ నంబరు ఆర్సీతో కలిసిందా?

రెండో గేరు:
లేదు సార్. బ్లాక్ మీదున్న ప్లేటు బ్రష్షుతో రుద్ది చూశాను, ఒక్క అంకె కూడా కలవట్లేదు.

పాత ఇనుము:
అనుకున్నా. అయితే ముందు చెయ్యి తీసేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. మీ బాబాయి ఎక్కించలేదు. పైగా మీ బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధన కింద వీఏ అక్షరాలుండే ప్రత్యేక నంబరుకి పెట్టుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలని అందులోనే ఉంది. వేరే బ్లాక్ అని తేలిన బండికి డబ్బు పోసే ముందు పాత బిల్లులు వెతుక్కోవడం మంచిది.

ఓవర్‌హెడ్:
కూల్‌డ్రింక్ పోస్తే జామ్ వదులుతుందంటారు, నిజమేనా?

స్పానర్ 14:
ఓవర్‌హెడ్ భాయ్, అందులో చక్కెర, ఆసిడ్ తప్ప ఏముంది? పోసి మర్చిపోతే బోరు తుప్పుకి తుప్పు తోడవుతుంది.
పాత ఇనుము గారూ, నంబరు కలవకపోయినా ఆ బ్లాక్ కూడా బి సిరీసే, అదే సీసీ, అదే పెట్రోల్. ఆ రోజుల్లో బ్లాక్ పగిలితే ఇంకో అంబాసిడర్‌ది తెచ్చి వేసుకునేవాళ్లు. దాన్ని మీరు నేరంలా చూస్తున్నారు. వీఏ నంబరు తీసుకుంటే రోజూ రోడ్డెక్కకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, రిపేరు, అంతే. ఆ సంగతి కూడా చెప్పాలిగా.

పాత ఇనుము:
నేను నేరం అన్లేదు. హెడ్ దించి బోరు చూడకుండా ఊపమంటున్నారు చూశారా, దాని గురించి మాట్లాడదాం. పిస్టన్ చుట్టూ ఉండే రింగు బోరుకి పట్టేసి ఉంటే ఊపగానే విరుగుతుంది. విరిగిన ముక్క బోరుని గీస్తుంది. అప్పుడెవరు బాధ్యులు?

స్పానర్ 14:
మీరు ఎప్పుడైనా ఈ హెడ్ దించారా? ఇందులో రాకర్ స్టాండ్లని పట్టుకునే నట్లే హెడ్‌ని కూడా బిగిస్తాయి. ఇన్నేళ్ల తుప్పులో ఉన్న స్టడ్‌ని, అంటే బ్లాక్‌లోకి దిగిన మరల కడ్డీని, విప్పబోతే తెగుతుంది, తెగిన స్టడ్‌ని బ్లాక్‌లోంచి తీయడం రింగు మార్చడం కంటే పెద్ద పని. హెడ్ దింపాల్సొస్తే దింపుదాం, కానీ అది చివరి మాట.

పాత ఇనుము:
"చివరి మాట" అనే మెకానిక్కులతోనే నాకు అనుభవం. మా నాన్న బండికి ఒకాయన "ఊరికే సెల్ఫ్ కొడదాం సార్" అన్నాడు. బోరు పోయింది. రీబోర్ చేయిస్తానని బ్లాక్ తీసుకెళ్లి డీజిల్ ఇంజన్ పెట్టి తెచ్చాడు. మా బ్లాక్ ఏదయ్యా అంటే పాతసామాన్లకి వేసేశానన్నాడు. బండి నడుస్తోంది కదా సార్ అన్నాడు. ఆ "నడుస్తోంది కదా" అనే మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్పానర్ 14:
ఎవడో చేసినదానికి నన్ను నిలదీస్తే ఎలాగండీ. నేను సెల్ఫ్ కొట్టొద్దనే చెప్పాను, పైకెళ్లి చదవండి. నా సంగతీ వినండి. పాత బండ్లు పోగుచేసే ఒకాయన నా దగ్గర ఇంజన్ మొత్తం చేయించుకుని, నీళ్ల పైపు క్లిప్పులు అప్పటి రకం కావని సగం కూలి ఎగ్గొట్టాడు. ఆ బండి మళ్లీ కవరు కిందకి వెళ్లింది, మళ్లీ జామయింది. మీ లెక్కలో బండంటే ఆర్సీ, రేకు ప్లేటు. మేం చేతులు కాల్చుకుని బతికించినదంతా మీకు కల్తీ.

నిమ్మళంగా:
ఇద్దరూ రింగు గురించి కాదు కొట్లాడుకునేది. ఒకరికి బండిని కాపాడాలని, ఇంకొకరికి తోలాలని. రెండో గేరు గారికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?

రెండో గేరు:
తోలాలి. ప్రదర్శనలో పెట్టే ఓపిక నాకు లేదు, పిన్నిని ఎక్కించుకుని ఊళ్లో తిరగాలి.

పాత ఇనుము:
అలాగైతే వీఏ మాట వదిలేయండి. కానీ నంబరు ఎక్కించే పని తప్పదు, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఫిట్‌నెస్‌లో అదే చూస్తారు.

రెండో గేరు:
కొత్త కబురు. నూనె పోసి వదిలేసి నిన్న ఊపితే కదిలింది. మొదట టక్కుమని శబ్దం, తర్వాత హ్యాండిల్‌కి సగం తిరిగింది. రాకర్ కవర్ తీసి చూస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. దాని పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే గలగలా ఆడుతోంది.

పాత ఇనుము:
చూశారా! చూడకుండా ఊపితే ఇదే.

స్పానర్ 14:
ఆ వాల్వు పట్టేసింది షెడ్డులో, ఊపినందుకు కాదు. ఇక తిప్పకండి, పుష్‌రాడ్ జారి వంగుతుంది. వాల్వు కాండం మీద నూనె చుక్కలు వేస్తూ, స్ప్రింగు పైనుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. పైకి లేచి దానంతటది ఆడేదాకా ఓపిక పట్టాలి. తర్వాత పాత ఆయిల్ పూర్తిగా దించి, కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండా తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేసే సంగతి. ట్యాంకు పెట్రోలు వాడొద్దు, చిన్న క్యాన్ నుంచి ఇవ్వండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, ఏసీ పంపు (పెట్రోలు లాగే పంపు) లోపలి పొర డయాఫ్రం, రబ్బరు పైపులు పాతవైతే తినేస్తుంది. అవి కొత్తవి వేశాకే.

పాత ఇనుము:
ఇథనాల్ గురించి మాత్రం నిజం చెప్పారు.

రెండో గేరు:
వాల్వు ఆడుతోంది. పైపులకి ఆర్డరిచ్చాను. సోమవారం ఆర్టీవో ఆఫీసుకి వెళ్తున్నా, బ్లాక్ బిల్లు లేకుండా నంబరు ఎక్కించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.