పారంపర్యాచారమా, విధులా? ఒకే గ్రీకు మాట, రెండు తెలుగు మాటలు

ఆర్‌.సి.ఎం. సభ్యుడు:
మా కాథలిక్కులతో ‘బైబిల్లో లేనిది నమ్మం’ అనే ప్రొటెస్టంట్‌ మిత్రులు మార్కు 7వ అధ్యాయం చూపిస్తారు. పరిసయ్యుల పారంపర్యాచారాన్ని యేసు ఖండించిన చోటది. సరే. అదే పాత తెలుగు అనువాదంలో 2 థెస్సలొనీకయులకు 2:15 తీయండి. నోటిమాటతో గానీ పత్రికతో గానీ నేర్పిన ‘విధులను’ పట్టుకోమంటాడు పౌలు. రెండు చోట్లా గ్రీకులో ఉన్నది ఒకటే మాట, పరదోసిస్‌, అంటే సంప్రదాయం. తప్పుపట్టిన చోట పారంపర్యాచారం, పాటించమన్న చోట విధులు. ఇలా విడగొడితే పౌలు సంప్రదాయాన్ని పట్టుకోమన్నాడని చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

గుంటూరు లూథరన్‌:
అన్నా, అనువాదం గురించి మీరన్నది నిజమే. ఫోన్‌లో గ్రీకు పాఠం తెరిచి, పక్కన మా అమ్మ బైబిల్‌ పెట్టుకుని రెండు చోట్లా చూశాను. కానీ థెస్సలొనీకవాళ్లు విన్నది స్వయంగా పౌలు నోటి నుంచి. మరియమ్మ మోక్షారోపణాన్ని, అంటే ఆమె శరీరంతో సహా పరలోకానికి చేర్చబడిందన్న బోధను, విశ్వాససత్యంగా పన్నెండో పయస్‌ పోపు ప్రకటించింది 1950లో. అది అపొస్తలుల బోధేనని దేన్నిబట్టి తేల్చుకోవాలి? లేఖనాన్నీ, రాతలో లేని సంప్రదాయాల్నీ సమాన భక్తితో స్వీకరిస్తామని 1546లో మీ కాథలిక్‌ సంఘపు ట్రెంట్‌ మహాసభ అంది. నా అభ్యంతరమంతా ఆ ‘సమాన’ అన్న మాట మీదే. మాకు సంప్రదాయం అక్కర్లేదని కాదు, తొలి సంఘసభల నాటి నైసియా విశ్వాస ప్రమాణం మేమూ చెప్పుకుంటాం. సంప్రదాయం లేఖనానికి లోబడి ఉండాలంటాం.

ఆర్‌.సి.ఎం. సభ్యుడు:
లోబడటం మాకూ ఉంది తమ్ముడూ. పోపు, బిషప్పుల బోధనాధికారం దేవుని వాక్కుకు పైన లేదు, దానికి సేవ చేస్తుందని రెండో వాటికన్‌ సభ 1965లో ‘దేయి వెర్బుమ్‌’ అనే పత్రంలో రాసింది. మరి ఏయే పుస్తకాలు లేఖనమో చెప్పే పట్టిక లేఖనంలో ఎక్కడుంది?

గుంటూరు లూథరన్‌:
సంఘం వాటిని గుర్తించింది, తయారుచేయలేదు. కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్‌ అథనాసియస్‌ రాసిన ఈస్టర్‌ పండుగ లేఖలో ఉంది. వీటికి ఏదీ కలపొద్దు, వీటిలోంచి ఏదీ తీయొద్దని ఆయన అక్కడే రాశాడు.

ఆర్‌.సి.ఎం. సభ్యుడు:
ఆ లేఖలోనే పాత నిబంధన పట్టిక కూడా చూడు. మీ బైబిల్లో లేని బారూకు లోపల ఉంది, మీ బైబిల్లో ఉన్న ఎస్తేరు బయట ఉంది. మీ బైబిల్లోని 66 పుస్తకాలకి అది సరిపోదు.

గుంటూరు లూథరన్‌:
మీ 73కీ సరిపోదన్నా. మీ బైబిల్లో ఉన్న తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం కూడా ఆయన పట్టిక బయటే పెట్టాడు. ఎస్తేరు విషయంలో నా దగ్గర జవాబు లేదు, దాచను. కానీ చివరికి సంఘమే తేల్చింది అంటారా, అలా తేల్చడంలో సంఘం తప్పు చేయదని మీకు ఎక్కడి నుంచి తెలిసింది? లేఖనం నుంచా, సంఘం చెప్పిందనా?