ఫోకస్ సరిగా కుదరక ఒత్తులు పూడిపోతున్నాయి: లేజర్ ఎత్తును కచ్చితంగా నిర్ణయించడం ఎలా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్కారం. ఇళ్ల గుమ్మాలకు తగిలించే పేరు పలకలను తెలుగు అక్షరాలతో చెక్కాలన్న ఇష్టంతో ఏడాది కిందట 10 వాట్ల డయోడ్ లేజర్ ఎన్‌గ్రేవర్ కొన్నాను. పెద్ద అక్షరాలు ప్లైవుడ్ మీద చక్కగానే వస్తున్నాయి. కానీ అక్షరం ఎత్తును 6 మి.మీ.కు తగ్గించగానే ‘లక్ష్మీ నిలయం’లోని మకార ఒత్తు, ‘కృష్ణ’లోని ణకార ఒత్తు పూడిపోయి నల్లటి మచ్చల్లా మిగులుతున్నాయి. పలక కుడివైపున ఈ దోషం ఇంకా ఎక్కువగా ఉంది. పవర్ తగ్గించి చూస్తే గీత లేతబడింది తప్ప సన్నబడలేదు. యంత్రంతో పాటు వచ్చిన కొలత దిమ్మను లేజర్ హెడ్ కింద పెట్టే ఎత్తు సరిచేస్తున్నాను. గత నెలలో గాలి ఊదే నాజిల్ బిగించిన తరువాతే ఇది మొదలైందని అనుమానం. పలక మీద పడే నీలి చుక్కను కంటితో చూస్తూ ఫోకస్ సరిచేసుకోవచ్చా?

జవాబు (కుషాయిగూడ నుంచి)

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: దయచేసి ఆ పని చేయవద్దు. సుమారు 450 నానోమీటర్ల ఈ నీలి కాంతి చెక్క మీద నుంచి చెదిరి వచ్చినా రెటీనాకు హాని చేయగలదు కాబట్టి, ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు లేకుండా యంత్రం దగ్గర కూర్చోకూడదు. పైగా ఆ మిరుమిట్ల వల్ల చుక్క ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. చుక్కను కాదు, అది కాల్చిన గీతను చూసి నిర్ణయించాలి.

అందుకు వాలు పరీక్షను మించినది లేదని నా అనుభవం. 200 మి.మీ. పొడవున్న తిన్నని చెక్క పట్టీని తీసుకుని, ఒక కొన కింద 10 మి.మీ. దిమ్మ పెట్టి వాలుగా ఉంచండి. పట్టీ మధ్యభాగం మీ మామూలు పని ఎత్తులో ఉండాలి. లేజర్ ఆపి ఉంచి హెడ్‌ను ఆ కొన నుంచి ఈ కొన వరకు ఒకసారి నడిపించి, నాజిల్ ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకున్నాక, తక్కువ పవర్‌తో, ఒకే వేగంతో పొడవునా ఒక్క గీత గీయించండి. ఫోకస్ ఎత్తు దగ్గర గీత సన్నగా, నల్లగా ఉండి, రెండు వైపులకూ పోయేకొద్దీ వెడల్పై లేతబడుతుంది. అన్నిటికంటే సన్నని చోటును నేరుగా గుర్తించడం కష్టం, ఎందుకంటే మధ్యలో కొంత దూరం అంతా ఒకేలా కనిపిస్తుంది. భూతద్దంతో చూసి, గీత రెండు వైపులా సమానంగా వెడల్పైన చోట్లు గుర్తుపెట్టుకుని, వాటి మధ్యబిందువును తీసుకోండి. పట్టీ మీద 20 మి.మీ. జరిగితే ఎత్తులో 1 మి.మీ. మారినట్టు లెక్క కాబట్టి, అర మిల్లీమీటరు తేడా కూడా స్పష్టంగా తెలుస్తుంది.

డయోడ్ చుక్క గుండ్రంగా ఉండదు, దీర్ఘచతురస్రంలా ఉంటుంది. కాబట్టి పట్టీని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి చూడండి. రెండు ఎత్తులు కొద్దిగా వేరుగా వస్తే నడిమి ఎత్తును ఎంచుకోండి.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

పై సలహాతో ఏకీభవిస్తూ, నాజిల్ గురించి ఒక మాట. కొత్త నాజిల్ కొన పాత హెడ్ అడుగు కంటే కిందికి దిగి ఉంటే, దిమ్మను నాజిల్‌కు ఆనించి కొలిచినప్పుడు లెన్స్ అంతమేర పైకి పోయినట్టే. వాలు పరీక్షలో తేలిన బిందువు దగ్గర నాజిల్ కొనకూ చెక్కకూ మధ్య ఉన్న ఖాళీని కొలిచి, సరిగ్గా అంత మందానికి అక్రిలిక్ ముక్కలు పేర్చి కొత్త దిమ్మ చేసుకోండి.

కుడివైపు మసకకు కారణం పలకా, యంత్రమా అన్నది తేల్చుకోవడానికి పలకను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చెక్కండి. మసక పలకతో పాటు ఎడమకు వస్తే ప్లైవుడ్ వంగిందని అర్థం. మన వానాకాలపు తేమలో ఇది తరచూ జరుగుతుంది, అంచుల్లో అయస్కాంతాలతో బల్లకు అదిమిపెడితే సరిపోతుంది. కుడివైపే ఉండిపోతే బల్ల నాలుగు మూలల్లోనూ దిమ్మ పెట్టి, రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఫీలర్ గేజ్‌తో (సన్నని ఖాళీలను కొలిచే, వేర్వేరు మందాల రేకుల సాధనం) తేడా కొలవండి.

తెలుగు అక్షరాలకే ఈ బాధ ఎందుకన్నది కూడా లెక్కతో తెలుస్తుంది. చుక్క వెడల్పు 0.3 మి.మీ. అయితే ప్రతి అంచూ 0.15 మి.మీ. చొప్పున బయటికి ఉబ్బుతుంది. అంటే ఎదురెదురు అంచుల మధ్య 0.3 మి.మీ. ఖాళీ పూర్తిగా మూసుకుపోతుంది. చిన్న అక్షరాల్లో ఒత్తుల లోపలి ఖాళీ ఇంచుమించు అంతే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వాలు పరీక్షలో నా పాత ఎత్తుకూ అసలు ఫోకస్‌కూ 2 మి.మీ. తేడా తేలింది, దిమ్మను నాజిల్‌కు ఆనించి కొలవడమే కారణం. పలకను తిప్పి చూస్తే మసక ఎడమకు వచ్చింది కనుక అయస్కాంతాలు వాడుతున్నాను. ఇప్పుడు 6 మి.మీ.లో ‘కృష్ణ’ స్పష్టంగా వస్తోంది. ‘లక్ష్మీ’లోని మకార ఒత్తు మాత్రం ఇంకా కొంచెం కలుస్తోంది, దాని కోసం సన్నని గీతల ఫాంట్‌ను ప్రయత్నిస్తాను.